పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోతే ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: డీటీపీ షాపు నడుపుతున్నానండి. చెరువుల లీజు కాగితాలు లిబ్రెఆఫీస్ రైటర్‌లో (వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాము) చేస్తాను. తెరమీద బాగానే ఉన్న ‘స్త్రీ’ లాంటి మాటలు పీడీఎఫ్ చేసేసరికి ఒత్తులు విడిపోతున్నాయి. ‘తెలుగు సరిగా రావట్లేదు’ అని దాన్ని తయారుచేసేవాళ్లకు బగ్ రిపోర్టు (తప్పుందని ఫిర్యాదు) పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు. ఇంకెలా చెప్పాలండి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అవతల చూసేవారికి తెలుగు రాకపోవచ్చు. ఏది తప్పో, ఏది ఒప్పో వాళ్లకు కంటితో తేలదు. అందుకని రెండింటి బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపండి.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. అదే పీడీఎఫ్‌ను ఫోన్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ తెరవండి. ఒక్కచోటే పాడైతే అనుమానించాల్సింది ఆ చూపించే ప్రోగ్రామును. ఫాంటును, ఉదాహరణకు ‘మండలి’ నుంచి ‘నోటో సాన్స్ తెలుగు’కు, మార్చితే బాగుపడిందా? అయితే గొడవ ఫాంటుదే కావచ్చు. లిబ్రెఆఫీస్ హెల్ప్ మెనూలో ‘రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్’ నొక్కి మళ్లీ చేయండి. అక్కడ సరిగా వస్తే మీ సెట్టింగుల్లోనో, ఎక్స్‌టెన్షన్‌లోనో ఉంది తేడా. కొత్త వెర్షన్‌లోనూ చూడండి, ఈపాటికే సరిచేసి ఉండొచ్చు. అన్నట్టు, అను ఫాంట్లలో టైపు చేసింది కాపీ చేస్తే ఇంగ్లిషు గజిబిజి వస్తుందని మాత్రం రిపోర్టు పెట్టకండి. అవి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఒకే ప్రమాణం) కావు, అలాగే వస్తుంది.

ఇక ఫైలు. ఇరవై పేజీల లీజు పంపితే ఎవరూ తెరవరు. పైగా జతచేసిన ఫైలు అందరికీ కనబడుతుంది. రైతు పేరు, సర్వే నంబరు, ఆధార్ అందులో ఉండకూడదు. కొత్త ఫైల్లో ఒక్క మాటే టైపు చేయండి. ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. చివరి నుంచి ఒక్కొక్కటే తీసేస్తూ పీడీఎఫ్ చేయండి. ‘స్త’ నిలిచి, ‘స్త్ర’ విడిపోతోందంటే ఆ సంగతే రాయండి. సరిచేసేవాడికి సగం పని తప్పుతుంది.

రిపోర్టు పెట్టేది లిబ్రెఆఫీస్‌ను నడిపే ది డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి బగ్‌జిల్లా అనే ఫిర్యాదుల సైటులో. ముందు వెతకండి, ఎవరైనా రాసి ఉంటే అక్కడే మీ వివరం చేర్చండి. లేకపోతే శీర్షికలోనే ‘పీడీఎఫ్ చేస్తే ఫలానా ఫాంటులో స్త్ర విడిపోతోంది’ అని ఇంగ్లిషులో పెట్టండి, వచ్చీరాని ఇంగ్లిషైనా చాలు. కింద: ఏ ఫాంటు, ఏం టైపు చేశారు, ఏ మెనూ నొక్కారు, ఏం వచ్చింది, ఏం రావాలి. ‘అబౌట్ లిబ్రెఆఫీస్’లో వెర్షన్ వివరాలను కాపీ చేసే బటన్ ఉంటుంది, మొత్తం అతికించండి. ‘లేటెస్ట్’ అని రాస్తే రేపటికి దానికి అర్థం ఉండదు. ఓడీటీ ఫైలు (రైటర్‌లో సేవ్ చేసిన అసలు ఫైలు), పీడీఎఫ్ రెండూ జతచేయండి. ఇంకో బగ్ ఉంటే ఇంకో రిపోర్టు.

ప్రశ్న: నా రిపోర్టుకి ‘నీడ్ఇన్ఫో’ అని పడిందండి. కొట్టేశారా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: లేదు, ఇంకేదో వివరం అడిగారు. అదిచ్చి, హోదాను మీరే ‘అన్‌కన్ఫర్మ్‌డ్’కి మార్చాలి. జవాబు రాసి ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. అలాగే వదిలేస్తే కొన్ని నెలలకు వివరాలు చాలలేదని మూసేస్తారు. ‘న్యూ’ అని మారితే ఆ తప్పు ఇంకొకరి దగ్గరా కనబడిందన్నమాట.