కోపం రాగానే వైన్‌షాపుకే... మా ఆయన ఇక మారరా?

ప్రశ్న: మా ఆయనకు 34 ఏళ్లు. రోజూ తాగరు. కానీ ఆఫీసులో ఎవరైనా ఓ మాటన్నా, ఇంట్లో చిన్న గొడవైనా నేరుగా వైన్‌షాపుకే. మొదలుపెట్టాక ఆగరు. బైకు ఈఎంఐ తీరకముందే ఇంకోటి బుక్ చేశారు, మేనేజరు మీద కోపంతో ఉద్యోగం మానేశారు. అయ్యప్ప మాల వేసుకుంటే మాత్రం ముట్టరు. ‘వాడికి చిన్నప్పటి నుంచీ దూకుడే, మారడు’ అంటారు మా అత్తగారు. నిజమేనా?

జవాబు: మీ అత్తగారి మాట సగం నిజమమ్మా. దూకుడు చాలావరకు స్వభావమే. సరదాకి తాగేవాళ్లు వేరు, మనసు బాగోలేనప్పుడు ముందూవెనకా చూడకుండా గ్లాసు పట్టేవాళ్లు వేరు. మీ ఆయన రెండో రకం, తాగుడు ముదిరే ప్రమాదం వీళ్లకు ఎక్కువ. పైగా మనల్ని ఆపే బ్రేకు మెదడు ముందుభాగంలో ఉంటుంది, మద్యం దాన్నే మందగింపజేస్తుంది. అందుకే ఆయనకు ఒక పెగ్గుతో ఆపడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే సులువు. ‘క్వార్టరేగా’ అంటారేమో, 42.8 శాతం ఆల్కహాలున్న 180 మి.లీ. విస్కీ అంటే దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు, డాక్టర్ల లెక్కలో ఆరు డ్రింకులు!

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది మాల సంగతి. ఆ 41 రోజుల్లో ఆయన స్వభావమేం మారిపోలేదు కదా, మారింది చుట్టూ ఉన్నది: బట్టలు, తిండి, సావాసం, వేళలు, ‘స్వామీ’ అన్న పిలుపు. మిగతా రోజుల్లోనూ అలాంటి కట్టుబాట్లే కావాలి, అవీ ఆయన పెట్టుకున్నవే అయ్యుండాలి. తాగాలన్న ఆత్రం చాలాసార్లు అరగంటలో తగ్గుముఖం పడుతుంది. కోపంగా ఉన్న రోజు ఏ దారిన ఇంటికి రావాలి, ముందు ఏం తినాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది మనసు నిమ్మళంగా ఉన్న ఓ ఆదివారం ఉదయం ఇద్దరూ కూర్చుని అనుకోండి. తాగొచ్చినప్పుడు మాత్రం వాదన వద్దు, పిల్లల మీద ఒట్లూ వేయించకండి, కోపం ముందు అవి నిలవవు.

ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించండి, చిన్నప్పటి నుంచీ ఉన్న దూకుడు వెనక కొందరిలో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, ఆగలేని దూకుడు ఉండే సమస్య) ఉంటుంది, దానికి మందులున్నాయి. ఆత్రాన్ని తగ్గించే మందులూ ఉన్నాయి. ఒకవేళ తాగుడు రోజువారీ అయి, పొద్దున్నే చేతులు వణుకుతుంటే ఉన్నట్టుండి మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు, డాక్టరు దగ్గరే మాన్పించాలి. మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన డాక్టరు దగ్గరికి రానంటే మీరొక్కరే ఈ నంబరుకు ఫోన్ చేయండి.