టెక్ సందేహాలు: 6912 బైట్ల తెర, ఒక్క డబుల్ క్లిక్

పాత హోమ్ కంప్యూటర్ల మీద గేములు రాయడం నేర్చుకుంటున్నవాళ్ల నుంచి కొంతకాలంగా ఉత్తరాలు ఆగకుండా వస్తున్నాయి. ఎక్కువమంది పట్టుకున్నది జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ని. 1982లో బ్రిటన్‌లో విడుదలైన యంత్రం అది. 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్, పెద్ద మోడల్‌లో 48కే మెమరీ. బొమ్మల్ని కదిలించిపెట్టే హార్డ్‌వేర్ అంటూ ఏమీ లేదు. తెర మీద ఏ చుక్క కదలాలన్నా మీ ప్రోగ్రామే కదిలించాలి. అసెంబ్లర్ (అసెంబ్లీ కోడ్‌ని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రామ్) ఎలా ఇన్‌స్టాల్ చేయాలి లాంటి ప్రశ్నలు వదిలేస్తున్నాను. పదేపదే వస్తున్న ఫిర్యాదుతో మొదలుపెడతాను.

ప్రశ్న: నా హీరో బొమ్మ కదిలినప్పుడల్లా మినుకుమినుకుమంటోంది. ఒక్కోసారి తల సగం మాయమవుతోంది. ప్రతి ఫ్రేములో తెర మొత్తం తుడిచి మళ్లీ గీస్తున్నాను. నా లాప్‌టాప్ కొత్తదే, మంచి స్పీడున్నదే. మరి ఎందుకిలా అవుతోంది?

మీ లాప్‌టాప్ స్పీడుకీ దీనికీ సంబంధం లేదు. అసలు యంత్రం ఎంత నెమ్మదిగా నడిచేదో అంతే నెమ్మదిగా నడిపించడమే ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) పని. కాబట్టి లెక్క పాత యంత్రం ప్రకారమే వేయాలి. ఈ లెక్క ఎవరూ వేయడం లేదన్నదే నా బాధ. వీడియో చూసి కోడ్ ఎక్కించేస్తున్నారు, ఆడకపోతే ఉత్తరం రాస్తున్నారు.

స్పెక్ట్రమ్ తెరలో చుక్కలకు 6144 బైట్లు, రంగులకు 768, మొత్తం 6912. ఈ అంకె గుర్తుంచుకోండి, కింద ఇంకో ఉత్తరంలో మళ్లీ అవసరమవుతుంది. తెర తుడవడానికి మీరు వాడుతున్నది ఎల్‌డీఐఆర్, అంటే మెమరీలో బైట్లను వరసగా కాపీ చేసే ఆదేశం. అది బైటుకు 21 క్లాక్ సైకిళ్లు తీసుకుంటుంది. 6144ని 21తో గుణిస్తే 1,29,024. 48కే యంత్రంలో ఒక ఫ్రేముకు (తెర మీద బొమ్మ ఒకసారి పూర్తిగా పడే వ్యవధికి) ఉన్నవి 69,888 సైకిళ్లు మాత్రమే. అంటే ఒక్క తుడవడానికే దాదాపు రెండు ఫ్రేములు పోయాయి. మీరు తుడిచి, మళ్లీ గీసేలోపు, బొమ్మని గీత గీతగా వేసే టీవీలోని కిరణం ఆ చోటు దాటి వెళ్లిపోతుంది. హీరో ఉండాల్సిన చోట కంటికి ఖాళీ కనబడుతుంది. సగం గీసినప్పుడు కిరణం వస్తే సగం తలే కనబడుతుంది.

మొత్తం తెరతో మీకేం పని? 16కి 16 చుక్కల బొమ్మ ఎక్కడ నిలబడినా అడ్డంగా మూడు బైట్లకు మించి ఆక్రమించదు. మూడు పదహార్లు 48 బైట్లు. పాత చోట ముందున్న నేపథ్యం 48 బైట్లు తిరిగి పెట్టండి, కొత్త చోట 48 బైట్లు గీయండి. అది కూడా హాల్ట్ ఇచ్చిన వెంటనే చేయండి. హాల్ట్ మిమ్మల్ని ఫ్రేము మొదలయ్యేదాకా ఆపుతుంది. అక్కడి నుంచి కిరణం పైనున్న బోర్డర్ దాటి బొమ్మ మొదటి గీతకు చేరడానికి 14,336 సైకిళ్లు, అంటే సుమారు నాలుగు మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధి మీది. ముందు తెర పైభాగంలో ఉన్నవి గీసి, తర్వాత కిందికి రండి.

బొమ్మ ఒక్కో చుక్క జరిగినప్పుడల్లా బిట్లను అప్పటికప్పుడు జరపడం కూడా దండగే. ఎనిమిది స్థానాలకూ ముందే ఎనిమిది కాపీలు చేసి పెట్టుకోండి. 48 బైట్ల చొప్పున 384 బైట్లు, మాస్క్ (బొమ్మ వెనక నేపథ్యంలో ఏ చుక్కలు చెరపాలో చెప్పే అచ్చు) కూడా ఉంటే 768. రెండేసి చుక్కల చొప్పున కదిలితే చాలనుకుంటే నాలుగు కాపీలే సరిపోతాయి.

తెర మెమరీ వరస ఇంకా అర్థం కాలేదంటున్నవాళ్లు పుస్తకం పక్కన పెట్టి బేసిక్‌లో ఈ ఒక్క లైను కొట్టండి (పోక్ అంటే మెమరీలో ఒక చోట ఒక అంకె పెట్టడం): ఫర్ ఎన్ = 16384 టు 22527 : పోక్ ఎన్, 255 : నెక్స్ట్ ఎన్. మొదటి గీత పూర్తవగానే నలుపు దాని కింది గీతకు రాదు, ఎనిమిది గీతలు కిందికి దూకుతుంది. అలా ఎనిమిది గీతలు పడ్డాక మళ్లీ పైకొచ్చి రెండో గీత పడుతుంది. తెరలో పై మూడోవంతు నిండాకే మధ్య భాగం మొదలవుతుంది. కళ్లతో ఒకసారి చూశాక ఇక మరిచిపోరు. క్యాసెట్ నుంచి గేమ్ లోడయ్యేటప్పుడు బొమ్మ కిటికీ రెక్కల్లా పడి, రంగులు చివర్లో ఒక్కసారిగా వచ్చేది కూడా ఇందుకే. ఈ వరస చూసి చాలామంది విసుక్కుంటారు కానీ, ఎనిమిది గీతల గడిలో ఒక గీత కిందికి దిగాలంటే అడ్రసు పైబైటుకు ఒకటి కలిపితే చాలు. అక్షరాలు రాయడానికి అంతకంటే హాయి ఏముంటుంది!

ప్రశ్న: ఏఐతో అసెంబ్లీ కోడ్ రాయించాను. హాల్ట్ దగ్గరికి రాగానే అంతా బిగుసుకుపోతోంది.

కోడ్ మొదట్లో డీఐ (ఇంటరప్టులను, అంటే ప్రతి ఫ్రేముకూ ప్రాసెసర్‌ని తట్టే సంకేతాలను, ఆపే ఆదేశం) ఉందేమో చూడండి. ఇంటరప్టులు ఆపేసి హాల్ట్ ఇస్తే, ఎన్నటికీ రాని ఇంటరప్టు కోసం యంత్రం అలాగే కూర్చుంటుంది. ముందు ఈఐ (వాటిని మళ్లీ అనుమతించే ఆదేశం) పెట్టండి. అలాగే ప్రాసెసర్‌లోని ఐవై రిజిస్టర్‌ని ముట్టుకోకండి. యంత్రంతో పాటే వచ్చే రోమ్‌లోని రొటీన్లు అందులో 23610 ఉంటుందని నమ్మి నడుస్తాయి. ఎవరు రాసిచ్చిన కోడైనా సరే, ఏ లైను ఏం చేస్తుందో మీరు చెప్పలేకపోతే దాన్ని నడపకండి.

ప్రశ్న: ఆకుపచ్చ చెట్టు పక్క నుంచి పసుపు హీరో వెళ్తే చెట్టు కూడా పసుపైపోతోంది. ఇది ఎమ్యులేటర్ బగ్గా?

కాదు. ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడిలో రెండే రంగులు ఉంటాయి, ఆ రెండిటికీ కలిపి ఒక్క బైటు. ఇంక్ (చుక్కల రంగు) అంకెకి పేపర్ (వెనక రంగు) అంకెని ఎనిమిది రెట్లు చేసి కలపండి, వెలుగు కావాలంటే 64, మినుకు కావాలంటే 128 చేర్చండి. నీలం అంకె 1, పసుపుది 6, కాబట్టి నీలం మీద మెరిసే పసుపు అంటే 6, 8, 64 కలిపి 78. పోక్ 22528, 78 అని కొడితే మొదటి గడి ఆ రంగులోకి మారుతుంది. మూడో రంగుకు ఆ గడిలో చోటే లేదు. హీరోకి రంగు ఇవ్వకుండా, నేపథ్యం రంగునే తీసుకోనివ్వండి. లేదంటే హీరో నడిచే దారిని నల్లగా ఉంచి, రంగుల అలంకరణ అంతా అంచులకు పరిమితం చేయండి.

ప్రశ్న: పాత గేముల లోడింగ్ స్క్రీన్లు చూసి నేర్చుకుందామని ఒక పెద్ద జిప్ దించుకున్నాను. అందులో అన్నీ ఎస్‌సీఆర్ ఫైళ్లే. డబుల్ క్లిక్ చేస్తే కొన్ని 'ఈ పీసీలో నడవదు' అన్నాయి, ఒకటి మాత్రం పర్మిషన్ అడిగింది. ఎస్ కొట్టాను, ఏమీ తెరుచుకోలేదు. ఫైలు పాడైందా?

ఈ ఉత్తరం చదివాక నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. మిగతా జవాబులన్నీ వదిలేసినా, ఇది మాత్రం అందరూ చదవాలి.

స్పెక్ట్రమ్ ప్రపంచంలో ఎస్‌సీఆర్ అంటే తెర బొమ్మ, మెమరీలోని 6912 బైట్లను ఉన్నదున్నట్టు ఫైలుగా దాచింది. విండోస్‌లో ఎస్‌సీఆర్ అంటే స్క్రీన్ సేవర్. స్క్రీన్ సేవర్ అంటే బొమ్మ కాదు, పూర్తిస్థాయి ప్రోగ్రామ్. ఈఎక్స్ఈ ఫైలు ఏం చేయగలదో అదీ అంతా చేయగలదు. రెండు వేర్వేరు ప్రపంచాల్లో ఒకే తోక పేరు (ఎక్స్‌టెన్షన్) పడటం యాదృచ్ఛికమే, కానీ మాల్‌వేర్ పంపేవాళ్లకు అది దొరికిన వరం. వాళ్లు ఎస్‌సీఆర్‌ని వాడుకోవడం కొత్తేమీ కాదు.

ఒక్క క్షణం ఆలోచించండి. నిజమైన స్పెక్ట్రమ్ బొమ్మని డబుల్ క్లిక్ చేస్తే విండోస్ దాన్ని నడపలేదు, ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ ఇచ్చినవి మంచి ఫైళ్లే కావచ్చు. పర్మిషన్ అడిగింది చూశారూ, అది బొమ్మ కాదు. ఏమీ తెరుచుకోలేదంటే అది తన పని చాటుగా చేసుకుపోయిందని అనుకోవాలి.

వెంటనే ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకుది మార్చండి. అన్ని ఖాతాల్లోనూ 'అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్' నొక్కండి. ఇది చాలామంది మరిచిపోతారు. ఇలాంటి దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులతో పాటు లాగిన్ అయి ఉన్న కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. కుకీ చేతికొస్తే వాళ్లకు పాస్‌వర్డుతోనూ ఓటీపీతోనూ పనిలేదు. ఆ తర్వాత పూర్తి స్కాన్ చేయండి. మీరు అడ్మిన్ అనుమతి ఇచ్చారు కాబట్టి, నన్నడిగితే స్కాన్ శుభ్రంగా వచ్చినా నమ్మకుండా డాక్యుమెంట్లు బ్యాకప్ తీసుకుని విండోస్ మళ్లీ కొత్తగా ఎక్కించడమే మంచిది.

ఇంకా చేతులు కాల్చుకోనివాళ్లకు చెప్తున్నాను. పాత యంత్రానికి సంబంధించిన ఏ ఫైలునీ డబుల్ క్లిక్ చేయకండి. ముందు ఎమ్యులేటర్ తెరిచి, దాని మెనూలోంచి ఫైలు ఎంచుకోండి. అంతకంటే ముందు సైజు చూడండి. తెర బొమ్మ 6912 బైట్లు. 48కే ఎస్‌ఎన్‌ఏ ఫైలు (యంత్రం మెమరీ మొత్తాన్ని దాచింది) 49,179 బైట్లు, అందులో 49,152 మెమరీ, 27 హెడర్. బొమ్మ అని చెప్పిన ఫైలు లక్షల బైట్లు ఉంటే అక్కడే దొంగ దొరికాడు. ఫైలుని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి రెండు అక్షరాలు ఎం, జెడ్ అని ఉంటే అది విండోస్ ప్రోగ్రామ్. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ని అదే పేజీలో రాసి ఉంచారంటే యాంటీవైరస్ కంట పడకుండా చేసిన ఏర్పాటని అనుకుని వదిలేయండి. ఎమ్యులేటర్ కూడా ఎక్కడబడితే అక్కడ దించుకోవద్దు. ఫ్యూజ్ లాంటి ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్లు ఉన్నాయి, తయారుచేసినవాళ్ల సొంత పేజీ నుంచే తీసుకోండి. ఫోన్‌లో వేసుకున్న ఎమ్యులేటర్ కాంటాక్టులు అడిగితే ఆ నిమిషమే తీసేయండి. 48కే యంత్రానికి మీ కాంటాక్టులతో ఏం పని?

తప్పు వాడేవాళ్లది మాత్రమే కాదు. ఫైలు పేరు చివర తోకని దాచిపెట్టడమే విండోస్ డిఫాల్ట్ సెట్టింగ్. 'కోట.జేపీజీ.ఎస్‌సీఆర్' అనే ఫైలు తెర మీద 'కోట.జేపీజీ'గా కనబడుతుంది. పైగా ఐకాన్ ఏది కావాలంటే అది ఆ ప్రోగ్రామే తగిలించుకోగలదు. అందంగా కనబడాలని చేసిన ఈ డిజైన్ ఎన్ని కొంపలు ముంచిందో! ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి. ఇది చదువుతూనే చేయండి, తర్వాత చేద్దామనుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. నేను ఎమ్యులేటర్‌లో చేస్తున్నది చూసి తనూ నేర్చుకుంటానంటోంది. పాత యంత్రం కొనాలా, కొత్తగా వస్తున్న రీప్లికానా, ట్యాబ్‌లో ఏదైనా యాప్ చాలా?

పాత యంత్రమైతే ముందు పవర్ అడాప్టర్ చూడండి. స్పెక్ట్రమ్‌ది 9 వోల్టులు, ప్లగ్ మధ్యలో నెగెటివ్. ఇప్పుడు దొరికే అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది. ప్లగ్ పట్టిందని పెట్టేస్తే యంత్రం దెబ్బతింటుంది. రీప్లికా అయితే కీబోర్డు పనిచేసేదో కాదో కనుక్కోండి. కొన్నిటిలో మీటలు ఉత్త అలంకారం, నొక్కినా నొక్కుకోవు. ప్రోగ్రామ్ రాయడానికే పుట్టిన యంత్రానికి రాయలేని కీబోర్డు పెట్టి అమ్మడం నాకు అస్సలు మింగుడుపడదు.

ట్యాబ్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఆ పాత యంత్రం స్విచ్ వేస్తే ఒకటి రెండు సెకన్లలో 'ఏం చేయమంటావు' అన్నట్టు బేసిక్ తెర వచ్చేది. పిల్లలు ఏదో ఒకటి కొట్టేవాళ్లు, ఏదో ఒకటి జరిగేది. ఇప్పటి పరికరం తెరిస్తే ముందు ఖాతా, తర్వాత అప్‌డేట్, ఆ తర్వాత ప్రకటనలు. ప్రోగ్రామ్ రాసే చోటు ఎక్కడుందో వెతుక్కోవాలి. మొన్న నేను వాడే కోడ్ ఎడిటర్ అప్‌డేట్ అయి, రెండు కేబీల నా సొంత ఫైలు తెరవడానికి లాగిన్ అడిగింది. నా ఫైలు, నా కంప్యూటర్, మధ్యలో వాళ్ల అనుమతి ఎందుకు? పెద్దవాళ్లకే ఓపిక నశిస్తుంటే, పిల్లల ఉత్సాహం ఎంతసేపు నిలుస్తుంది?

అందుకని ఇప్పుడే ఏమీ కొనకండి. మీ ఎమ్యులేటర్, ఒక గళ్ల కాగితం చాలు. ఎనిమిదికి ఎనిమిది గళ్లు గీసి ఇవ్వండి, తనకు నచ్చిన జీవిని నింపమనండి. ఒక్కో వరసలో ఎడమ నుంచి గళ్ల విలువ 128, 64, 32, 16, 8, 4, 2, 1. నింపినవి కూడితే వరసకు ఒక అంకె వస్తుంది. నేను గీసిన పురుగు అంకెలు ఇవి: 60, 126, 219, 255, 126, 36, 66, 129. మూడో వరసలో ఖాళీ వదిలిన రెండు గళ్లే దాని కళ్లు. వీటిని 65368 నుంచి వరసగా పోక్ చేసి, ప్రింట్ ఏట్ 10, 15; సీహెచ్‌ఆర్$ 144 అంటే పురుగు తెర మీదికి వస్తుంది. ఇవే అంకెలు 65376 నుంచి మళ్లీ పెట్టండి, చివరి రెండూ మాత్రం 36, 36 చేయండి. అది సీహెచ్‌ఆర్$ 145. అదే చోట 144, 145 మార్చి మార్చి ప్రింట్ చేస్తూ, మధ్యలో పాజ్ 10 పెడితే పురుగు కాళ్లు ఆడిస్తుంది. కూడికలు మీరు చేసి పెట్టకండి, తననే చేసుకోనివ్వండి.