ఒపల్ ఊరికి వెళ్తున్నారా? అంచు చూసి కొనండి

ప్రశ్న: మా అబ్బాయి ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో ఉంటాడు. జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. ఒపల్ రత్నాల గనుల ఊరు కూబర్ పీడీకి కారులో తీసుకెళ్తానంటున్నాడు. అక్కడ రాళ్లు మనమే ఏరుకోవచ్చట, నిజమేనా? కొంటే ఏం చూసుకోవాలి?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నిక్షేపంగా వెళ్లిరండి. జూన్ అక్కడ చలికాలం, మంచి అదను. డిసెంబరు, జనవరిల్లో అయితే రేణిగుంట ఎండ అలవాటైన వాళ్లు కూడా తట్టుకోలేరు. రాత్రిళ్లు వణికిస్తుంది గనక స్వెట్టర్లు పెట్టుకోండి. భూమిలోకి తొలిచిన గదులు అద్దెకిస్తారు, వాటిలో దిగండి. ఏడాది పొడవునా 23-25 డిగ్రీలే ఉంటుంది.

దూరం సుమారు 850 కి.మీ. ఒక్క రోజులో లాగించొద్దు. పోర్ట్ అగస్టాలో రాత్రి ఆగి, ట్యాంకు నింపి, బియ్యం, కూరగాయలు, నీళ్లు అక్కడే కొనుక్కోండి. గ్లెన్‌డాంబో దాటాక 250 కి.మీ. దాకా పెట్రోలు బంకు లేదు. పొద్దు వాలాక కంగారూలు కారుకు అడ్డం పడతాయి, చీకటి పడకముందే చేరండి.

ఏరుకోవచ్చన్నది నిజమే. ఊళ్లో జ్యుయెలర్స్ షాప్ రోడ్డు దగ్గర గని మట్టి దిబ్బలు అందరికీ వదిలేశారు. చిన్న తవ్వుగోల, నీళ్ల స్ప్రే సీసా చాలు. దుమ్ములో ఒపల్ ఉత్త గులకరాయిలా ఉంటుంది. తడిపి ఎండకు అటూ ఇటూ తిప్పితేనే రంగు ఆడుతుంది. ఆడకపోతే అది పాచ్, విలువలేనిది. దొరికేది చాలావరకు అదేనని తెలిసే వెళ్లండి! మిగతా దిబ్బల జోలికి మాత్రం పోవద్దు. అవి ఒకరి హక్కులో ఉన్నవి, పైగా ఎక్కడ చూసినా మూతల్లేని గని గుంతలు. ఒక మనిషి పట్టేంత వెడల్పే గానీ చాలా లోతు, అంచు మట్టి జారుతుంది. ఫొటో కోసం వెనక్కి నడవడం అక్కడ ప్రాణాంతకం.

కొనేటప్పుడు బిగించని రాయి అడిగి, పక్కనుంచి చూడండి. పలచని ఒపల్ పొరను నల్లటి అడుగుకు అతికిస్తే డబ్లెట్, దానిపైన స్ఫటికమో గాజో మూతపెడితే ట్రిప్లెట్. వాటి అతుకు గీత స్కేలుతో గీసినంత తిన్నగా ఉంటుంది. అచ్చమైన రాయిలో రంగూ పాచూ కలిసేచోటు వంకర పోతుంది. అంచులు మూసేసిన ఉంగరంలో ఇదేదీ కనబడదు. ఒకే దుకాణంలో 300 డాలర్లు, ఆపైన కొంటే టాక్స్ ఇన్‌వాయిస్ అడగండి. కొన్న 60 రోజుల్లోగా దేశం దాటితే విమానాశ్రయంలో జీఎస్టీ వాపసిస్తారు. ఇంటికొచ్చాక కంసాలికి ఒక్క మాట చెప్పండి: టంకం పనంతా అయ్యాకే రాయి పొదగాలి. మంట తగిలితే పగులుతుంది.

ప్రశ్న: శుక్రుడికని కొన్న ఒపల్ ఉంగరాన్ని రాత్రంతా పాలలో ఉంచాం. అంచు దగ్గర తెల్లగా మబ్బు పట్టింది. పోతుందా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అంచునుంచే మొదలైందంటే చాలావరకు అది అతుకురాయి. జిగురులోకి తడి దిగింది, ఇక పోదు. రాయంతా మారితే అది ఇథియోపియా ఒపల్ కావచ్చు, అది నీళ్లు పీల్చుకుంటుంది. నీడలో రోజుల తరబడి ఆరనివ్వండి. తొందరపడి ఎండలో పెట్టొద్దు, బీటలిస్తుంది.