ఓటు లేకపోయినా మీ డిస్ట్రిక్ట్ నంబరు తెలుసుకోండి

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకున్న ఒక తమ్ముడు మొన్న అడిగాడు: "అన్నా, పోస్టు డబ్బా నిండా ఎలక్షన్ కరపత్రాలే. అన్నీ పాత అద్దెదారు పేరు మీదే వస్తున్నాయి. మాది హెచ్1బీ వీసా, ఓటు లేదు. ఇవన్నీ చెత్తబుట్టలో వేసేయొచ్చా?"

కరపత్రాలు పారేసినా ఫర్వాలేదు. కానీ మీరు ఏ కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు) డిస్ట్రిక్ట్‌లో ఉంటున్నారో, అక్కడి నుంచి గెలిచింది ఎవరో తెలుసుకుని పెట్టుకోండి. నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ల కిందట మా ఆవిడ హెచ్4 ఈఏడీ, అంటే హెచ్1బీ వారి భార్యాభర్తలకిచ్చే ఉద్యోగ అనుమతి కార్డు, రెన్యువల్ ఆగిపోయింది. పాత కార్డు గడువు అయిపోయి ఆమె ఉద్యోగం మానేయాల్సి వచ్చింది. ఇంటి లోను కొత్తది, చేతిలో చంటిపిల్ల, ఇద్దరికీ నిద్ర లేదు. పక్కింటి గుజరాతీ ఆంటీ విని, "కాంగ్రెస్‌మన్ ఆఫీసుకు ఫోన్ చేయలేదా?" అంది. మాకు ఓటు లేదు కదా అన్నాను. "ఓటు సంగతి ఎవరడిగారు? నీ ఇల్లు ఆయన డిస్ట్రిక్ట్‌లో ఉందా లేదా?" అంది.

ఫోన్ చేశాను. వాళ్లు అడ్రసు అడిగారు, మా తరఫున వివరాలు అడగడానికి అనుమతిస్తూ ఒక ఫారం మీద సంతకం పెట్టి పంపమన్నారు. ఏ పార్టీ అన్న ప్రశ్న గానీ, వీసా మీద చులకన గానీ, ఏమీ లేదు. ఫైలు ఎక్కడ ఆగిందో మూడు వారాల్లో ఉత్తరం వచ్చింది, ఆ తర్వాత కార్డు వచ్చింది. వాళ్లు అడగడం వల్లే వచ్చిందని నేను చెప్పలేను. ఆ ఆఫీసు వివరం అడగగలదు, గుర్తుచేయగలదు. మంజూరు చేయమని ఆజ్ఞాపించే అధికారం మాత్రం దానికి లేదు. అయినా ఏమీ తెలియకుండా ఎదురుచూసే ఆ రోజుల్లో మాకు ఆ ఉత్తరమే పెద్ద ఊరట. ఈ పని కోసమే ప్రతి ఆఫీసులోనూ కేస్‌వర్కర్లు ఉంటారు. దానికి ఫీజు లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

డిస్ట్రిక్ట్ అనగానే మనకు గుంటూరు జిల్లా, నల్గొండ జిల్లా గుర్తొస్తాయి. ఇక్కడ అలాంటి జిల్లాకు కౌంటీ అని పేరు. కాంగ్రెస్ డిస్ట్రిక్ట్ అంటే మన లోక్‌సభ నియోజకవర్గం లాంటిది. న్యూజెర్సీలో కౌంటీలు 21, కాంగ్రెస్ డిస్ట్రిక్టులు 12. ఒకే మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉన్నా ఎడిసన్ 6వ డిస్ట్రిక్ట్‌లోకి, ప్లెయిన్స్‌బరో 12వ దానిలోకి వస్తాయి. ఎడిసన్ సభ్యుడు ఫ్రాంక్ పలోన్ 1988 నుంచీ కాంగ్రెస్‌లో ఉన్నారు. 1993లో ప్రతినిధుల సభలో (మన లోక్‌సభ లాంటిది) ఇండియా కాకస్, అంటే ఇండియా విషయాలు పట్టించుకునే సభ్యుల బృందం, మొదలుపెట్టిన ఇద్దరిలో ఆయన ఒకరు. మనవాళ్లు ఇంతమంది ఉన్న ఊరి నుంచి అలాంటి పని మొదలవడం నాకు వింతగా అనిపించదు.

ఇంకో మాట చాలామందికి తెలియదు. పదేళ్లకోసారి జరిగే జనాభా లెక్కల్లో ఇక్కడ నివసించే ప్రతి ఒక్కరినీ లెక్కిస్తారు, పౌరులనే కాదు. ప్రతినిధుల సభలోని మొత్తం 435 సీట్లను రాష్ట్రాలకు పంచేది ఆ లెక్కతోనే. 2020 లెక్కల ప్రకారం న్యూజెర్సీలో ఒక్కో డిస్ట్రిక్ట్‌కు దాదాపు 7 లక్షల 74 వేల మంది. అందులో హెచ్1బీ మీద ఉన్న మీరూ, మీ ఆవిడా, పిల్లలూ ఉంటారు. కాబట్టి జనాభా లెక్కల వాళ్లు తలుపు కొడితే భయపడి లైటు ఆర్పేయకండి. 2010 లెక్కల తర్వాత ఈ రాష్ట్రం ఒక సీటు పోగొట్టుకుంది, 13 కాస్తా 12 అయ్యాయి.

ఈ లెక్క విషయంలో ఇక్కడి పట్టుదల నాకు చాలా నచ్చుతుంది. 1980ల మొదట్లో న్యూజెర్సీ గీసిన మ్యాప్‌లో అతి పెద్ద డిస్ట్రిక్ట్‌కూ అతి చిన్నదానికీ తేడా 3,674 మంది, ఒక శాతం కూడా కాదు. అయినా ఆ తేడాకు సరైన కారణం చూపలేదని 1983లో సుప్రీంకోర్టు మ్యాప్‌ను కొట్టేసింది. మన దగ్గర రాష్ట్రాలకు లోక్‌సభ సీట్ల పంపకం 1971 లెక్కల దగ్గరే ఆగి ఉండటం చూస్తూ పెరిగిన నాకు ఆ తీర్పు చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. ఇప్పుడు మ్యాప్ గీసేది ఒక కమిషన్: రెండు పార్టీల నుంచి ఆరుగురు చొప్పున, పదమూడో మనిషి తటస్థుడు. ఏకాభిప్రాయం కుదరకపోతే ఆ ఒక్క ఓటే నిర్ణయిస్తుంది.

ఎన్నిక రెండేళ్లకోసారి, సరి సంఖ్య ఏడాది నవంబరులో. 2026లో అది నవంబరు 3. అంతకుముందు జూన్‌లో ప్రైమరీ. మన దగ్గర టికెట్ ఎవరికివ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది, ఇక్కడ ప్రైమరీలో ఓటర్లు తేలుస్తారు. ఒకే పార్టీకి గట్టి పట్టున్న డిస్ట్రిక్ట్‌లో అసలు పోటీ జూన్‌లోనే అయిపోతుంది. ఏళ్ల తరబడి కౌంటీ పార్టీ నాయకులు బలపరిచిన వారందరి పేర్లనూ బ్యాలెట్ మీద ఒకే వరుసలో వేసేవారు. కొత్తవారి పేర్లు ఎక్కడో మూలన పడేవి. 2024లో అప్పటి కాంగ్రెస్‌మన్ ఆండీ కిమ్ ఆ పద్ధతి మీద కోర్టుకు వెళ్లి ఆపించారు.

నవంబరులో కూడా గట్టి పోటీ ఉండే చోట్లు లేకపోలేదు. 7వ డిస్ట్రిక్ట్‌లో 2020లో డెమొక్రాట్ టామ్ మాలినోవ్‌స్కీ, రిపబ్లికన్ టామ్ కీన్ జూనియర్ మీద 5,300 ఓట్ల తేడాతో గట్టెక్కారు. రెండేళ్ల తర్వాత మారిన మ్యాప్ మీద కీన్ గెలిచారు. ఒక పార్టీ టికెట్ మీద గెలిచి ఇంకో పార్టీలోకి దూకడం ఇక్కడా ఉంది: 2వ డిస్ట్రిక్ట్‌లో జెఫ్ వాన్ డ్రూ డెమొక్రాట్‌గా గెలిచి రిపబ్లికన్లలో చేరారు. ఇక్కడ ఫిరాయింపుల చట్టం లేదు, అందుకే సీటు పోలేదు. 2020లో జనం ఆయన్నే మళ్లీ గెలిపించారు.

ఇక జాగ్రత్తలు. తమ్ముడూ, ఇది మాత్రం రెండుసార్లు చదువు. డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేటప్పుడు ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. పౌరుడివా అని అడిగితే కాదనే చెప్పాలి. తొందరలో అవునని నొక్కి, ఓటరు జాబితాలో పేరెక్కితే రేపు సిటిజన్‌షిప్ ఫారంలో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా" అన్న ప్రశ్న దగ్గర చిక్కుకుంటావు. గ్రీన్‌కార్డు ఉన్నా కాంగ్రెస్ ఎన్నికలో ఓటు వేయడం నేరం, దేశం నుంచి పంపేసే దాకా వెళ్లొచ్చు. పొరపాటున పేరెక్కిందని తెలిస్తే దాచకండి, వెంటనే ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

చందాల దగ్గరా అంతే. మనవాళ్ల ఇళ్లల్లో అభ్యర్థుల కోసం డిన్నర్లు పెడతారు, చెక్కు రాయమంటారు. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఇవ్వొచ్చు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 (విద్యార్థి వీసా) వారు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. బావగారి పేరు మీద నువ్వు ఇవ్వడం కూడా తప్పే. పెద్దవారు అడిగారని మొహమాటపడొద్దు, "నా వీసాకు కుదరదండీ" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. డబ్బు తీసుకోకుండా వాలంటీరుగా చేయడానికి మాత్రం చట్టం అడ్డు రాదు.

ప్రమాణం చేసి పౌరులైనవారు ఎన్నికకు 21 రోజుల ముందే నమోదు చేసుకోవాలి, ఆ తర్వాత ఆ ఎన్నికకు కుదరదు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు 17 ఏళ్లకే నమోదు కావచ్చు. నవంబరు నాటికి 18 నిండేవారు 2026 నుంచి జూన్ ప్రైమరీలోనూ ఓటు వేయొచ్చు.

నంబరు కోసం హౌస్ డాట్ గవ్‌లో జిప్ కోడ్ కొట్టండి. కొన్ని జిప్ కోడ్‌లు రెండు డిస్ట్రిక్టుల్లో ఉంటాయి, అప్పుడు పూర్తి అడ్రసు ఇవ్వాలి. వచ్చిన పేరూ, స్థానిక ఆఫీసు ఫోన్ నంబరూ కాగితం మీద రాసి పాస్‌పోర్టులు పెట్టే ఫైలులోనే ఉంచండి. ఇల్లు మారితే డిస్ట్రిక్ట్ కూడా మారొచ్చు, అప్పుడు మళ్లీ చూసుకోండి.