ప్రార్థన మనసులోంచి రావాలంటే?

ప్రశ్న: చర్చిలో అందరూ గడగడా ప్రార్థిస్తుంటే నాకు మాటలే రావు. నాది నిజమైన ప్రార్థనేనా?

మాటలు రాకపోవడం లోపం కాదు. బైబిల్లో లూకా సువార్త 18లో యేసు చెప్పిన కథ ఉంది. అందులో పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడు, ప్రార్థనలో తన గొప్పలన్నీ ఏకరువు పెట్టాడు. పన్నులు వసూలు చేసే సుంకరి దూరంగా నిలబడి, కళ్లు కూడా పైకెత్తకుండా, పాపినైన నన్ను కరుణించమన్నాడు. ఒక్క ముక్క, అంతే. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతనే.

మన చిక్కేమిటంటే, పాస్టర్ అయ్యగారి గ్రాంథికం నోటికొస్తేనే ప్రార్థన అనుకుంటాం. చిత్తూరులో మా అమ్మమ్మ సంగటి కెలుకుతూనే "నాయనా, ఈ పొద్దు చేతిలో డబ్బుల్లేవు, నువ్వే చూసుకోవాల" అనేది. నేను నేర్చుకున్నది అక్కడే.

మత్తయి సువార్త 6లో యేసు, ప్రార్థించేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు. తిరుపతిలో ఒంటి గది అద్దె ఇంట్లో అది కుదరకపోతే మిద్దె మీద పది నిమిషాలు చాలు. ముందు ఆ రోజు నిజంగా ఉన్న టెన్షన్ చెప్పండి. కోపముంటే కోపమే చెప్పండి. 13వ కీర్తన మొదలయ్యేదే దేవుణ్ణి "ఎన్నాళ్లు?" అని నిలదీస్తూ. ఏమీ తోచకపోతే "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలయ్యే, ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ చెప్పండి. ఇతరులను క్షమించే మాట దగ్గర నేను ఇప్పటికీ తడబడతాను.