లైకులు వస్తున్నా అమ్మకాలు లేవా? బ్రాండ్ కథ ఎక్కడ వెతకాలి

"మా ప్రకటనలకు లైకులు బాగానే వస్తున్నాయి, కొనేవాళ్లే లేరు. బ్రాండ్‌కి ఒక కథ ఉండాలంటున్నారు, మాకేమో చెప్పుకోదగ్గ కథే లేదు" అని అడిగారు కదా. చిన్న కంపెనీలకు ప్రకటనలు రాయడమే నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ మాటే అంటారు. కథ అనగానే కంపెనీ ఎలా పుట్టింది, ఓనర్ ఎంత కష్టపడ్డారు అన్నదే మనసులోకి వస్తుంది. కొనేవాళ్లు ముందు వెతుక్కునేది తమ ఇబ్బందిని. కాబట్టి కథ కోసం ముందు మీ కస్టమర్ల మెసేజ్‌లు తెరవండి.

ఒక బ్యాగుల కంపెనీకి రాసినప్పటి సంగతి చెబుతాను. వాళ్ల ప్రకటనలన్నీ 'ప్రీమియం క్వాలిటీ, ట్రెండీ డిజైన్' ధోరణిలో ఉండేవి. కస్టమర్ కేర్‌కి వచ్చిన పాత మెసేజ్‌లన్నీ తెప్పించుకుని కూర్చుని చదివాను. అందులో ఒక నర్సు రాసినది ఉంది. నైట్ డ్యూటీ దిగి బస్సెక్కుతుంటే ఆవిడ పాత బ్యాగు పట్టీ తెగిపోయింది. టిఫిన్ బాక్సు, మందుల చీటీలు, తాళాలు అన్నీ రోడ్డు మీద పడ్డాయి. చివర్లో ఒకే ప్రశ్న అడిగారు: "మీ బ్యాగు పట్టీ ఊడదు కదా?"

ఆ ప్రశ్న పట్టుకుని బ్యాగులు కుట్టేచోటికి వెళ్లాను. పట్టీ బ్యాగుకి అతికే దగ్గర ముందు చతురస్రంగా కుట్టు వేసి, దాని లోపల ఇంటూ గుర్తులా మరో రెండు వరసలు కుడుతున్నారు. బరువంతా ఒకే వరస దారం మీద పడకుండా ఆ చదరమంతా పంచుకుంటుంది. రోజూ చేసే పనే కాబట్టి, ఇది చెప్పుకోవచ్చని వాళ్లకెవరికీ తట్టలేదు. ఆవిడ అనుమతి తీసుకుని, పేరు లేకుండా, ఆ ఉదయం జరిగింది నాలుగు వాక్యాల్లో రాశాం. కింద ఆ కుట్టు ఫొటో పెట్టాం, అంతే. కామెంట్లలో 'సూపర్', 'నైస్' తగ్గిపోయి, లాప్‌టాప్ పడుతుందా, ఎంత బరువు ఆగుతుంది అని అడగడం మొదలైంది. అలా అడిగేవాళ్లే కొంటారు. లైకుల కంటే ఆ ప్రశ్నలనే లెక్కలోకి తీసుకోండి.

ఓనర్ కథ అసలు వద్దని కాదు. వాక్యూమ్ క్లీనర్లు తయారుచేసే డైసన్ కంపెనీ సంగతే చూడండి. వాక్యూమ్ క్లీనర్‌లో సంచి దుమ్ముతో పూడుకుపోయి పీల్చే శక్తి తగ్గిపోతోందన్న చిరాకుతో ఆ కంపెనీ పెట్టిన జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు తయారు చేశారు. ఆ అంకె ఇప్పటికీ జనం నోట్లో నానుతోందంటే, ఆ చిరాకు ఇల్లు ఊడ్చుకునే ప్రతి ఒక్కరికీ తెలిసినదే కావడం వల్ల. మీ కష్టానికీ కొనేవాళ్ల కష్టానికీ అలాంటి ముడి ఉంటే తప్పకుండా చెప్పండి.

కల్పించి రాయొచ్చా అని కూడా కొందరు అడుగుతారు. 2009లో అమెరికాలో ఇద్దరు రచయితలు ఒక ప్రయోగం చేశారు. పాత సామాన్ల దుకాణాల్లో సుమారు 129 డాలర్లకు కొన్న చిల్లర వస్తువులకు రచయితల చేత కథలు రాయించి ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో పెడితే, అన్నీ కలిపి 3,600 డాలర్లకు పైగా పలికాయి. కథకు అంత బలం ఉంది. కానీ అవి కల్పితాలని వాళ్లు దాచలేదు, కొన్నవాళ్లను మోసం చేయలేదు. మీరు లేని నర్సును సృష్టించి నిజమని చెబితే, అది బయటపడిన రోజు మీ బ్యాగు కుట్టును కూడా ఎవరూ నమ్మరు.

రాశాక మీ బ్రాండ్ పేరు తీసేసి, పోటీ కంపెనీ పేరు పెట్టి చదవండి. అప్పుడూ అతికినట్టు సరిపోతే ఆ కథ ఇంకా మీది కాలేదు. మళ్లీ మెసేజ్‌ల దగ్గరికి వెళ్లండి. కుదిరాక దాన్ని 'మా గురించి' పేజీలో దాచకండి. వస్తువు ఫొటో పక్కనే, ధర కనిపించేచోట పెట్టండి. కొనాలా వద్దా అని ఊగిసలాడేది అక్కడే.