గ్రహాలు చదువుతున్న లహరికి

గుంటూరు, బ్రాడీపేట

చి. లహరికి పెదనాన్న ఆశీస్సులు.

సైన్స్ పోటీకి నువ్వూ, నీ స్నేహితురాలూ జట్టుగా పేర్లు ఇచ్చారనీ, గ్రహాల విభాగం ఎంచుకున్నారనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషమమ్మా. ఏ గ్రహానికి ఎన్ని ఉపగ్రహాలో అర్ధరాత్రి దాకా బట్టీ పడుతున్నావని కూడా చెప్పాడు. అది విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఆ సంఖ్యల్ని ప్రస్తుతానికి పక్కన పెట్టు. 2025 మార్చిలో శనికి ఒక్కసారే 128 కొత్త ఉపగ్రహాల్ని అధికారికంగా గుర్తించారు. మొత్తం 274 అయ్యాయి. అంతకుముందు అచ్చయిన పుస్తకాల్లోని లెక్క అక్కడితో పాతబడిపోయింది. ఒక గోళం ఎందుకు చల్లారింది, పక్కది ఎందుకు ఇంకా మండుతోంది, ఒకదానికి గాలి నిలిచి ఇంకోదానికి ఎందుకు నిలవలేదు? ఇలాంటివి పట్టుకో. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు గట్టివాళ్లయితే అడిగేది ఇవే.

ఒకటి కలిసి చేద్దాం. చంద్రుడి వ్యాసార్థం 1,737 కిలోమీటర్లు, భూమిది 6,371. గోళంలో వేడి ఎంత ఉండగలదన్నది ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది, అది బయటికి పోవాల్సింది ఉపరితలం గుండా. రెండింటి సూత్రాలూ రాసి భాగించు. చిన్న గోళం ముందు చల్లారాలని నీకే తేలుతుంది. చంద్రుడి మీద అగ్నిపర్వతాలు ఆరిపోయాయి, భూమి మీద ఇంకా ఉన్నాయి, కాబట్టి లెక్క కుదిరింది. ఇప్పుడు బృహస్పతి ఉపగ్రహం అయోను తీసుకో. దాని వ్యాసార్థం 1,821 కిలోమీటర్లు, ఇంచుమించు చంద్రుడంతే. ఎప్పుడో చల్లారి ఉండాలి. కానీ సౌరకుటుంబం మొత్తంలో అగ్నిపర్వతాలు అంత జోరుగా ఎగజిమ్మే చోటు ఇంకొకటి లేదు.

ఇక్కడ తొందరపడి జవాబు చూడకు. అయో బృహస్పతిని 1.77 రోజుల్లో చుట్టి వస్తుంది, దాని పక్క ఉపగ్రహాలు యూరోపా 3.55 రోజుల్లో, గానిమీడ్ 7.15 రోజుల్లో. భాగించి చూస్తే దాదాపు 1:2:4 వస్తుంది. అంటే అయో, యూరోపా కక్ష్యలో ప్రతిసారీ ఒకే చోట ఎదురుపడతాయి. ఆ లాగుడు వల్ల అయో కక్ష్య గుండ్రంగా స్థిరపడదు. బృహస్పతికి దగ్గరైనప్పుడు అయో గోళం ఎక్కువ సాగుతుంది, దూరమైనప్పుడు తక్కువ సాగుతుంది. ఆ రాపిడికే లోపల రాయి కరుగుతోంది. పీల్, కాసెన్, రెనాల్డ్స్ అనే ముగ్గురు ఇదంతా లెక్కగట్టి 1979 మార్చి మొదట్లో ప్రచురించారు. కొద్ది రోజులకే నాసా వ్యోమనౌక వాయేజర్ 1 పంపిన ఫోటోలో అయో అంచున అగ్నిపర్వతం చిమ్ముతూ కనబడింది. ఇన్నేళ్లుగా పిల్లలకు ఫిజిక్స్ చెప్పినా, ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. దీన్ని బొమ్మ గీసి నీ మాటల్లో చెప్పగలిగితే, యూరోపా మంచు కింద సముద్రం ఎలా ఉండగలదు, శని ఉపగ్రహం ఎన్సెలడస్ నుంచి నీటి ఆవిరి ఎందుకు చిమ్ముతోంది అన్నవి సగం వచ్చేసినట్టే.

ఫోటో రౌండ్‌లో చాలామంది తడబడతారు. ఫోటో చూడగానే పేరు గుర్తు తెచ్చుకోవాలని టెన్షన్ పడతారు. పేరు తర్వాత చూసుకోవచ్చు, ఏది ముందు జరిగిందో, ఏది దాని మీద పడిందో ముందు చూడు. దీనికి మంచి అభ్యాసం చంద్రుడే. నా బైనాక్యులర్ మీ నాన్నతో పంపిస్తాను. శుక్ల అష్టమి నాడు మేడెక్కి, వెలుగూ చీకటీ కలిసే గీత పక్కన చూడు. అక్కడ నీడలు పొడుగ్గా పడి క్రేటర్ల అంచులు స్పష్టంగా తేలతాయి. మళ్లీ పున్నమి నాడు చూడు. నీడలు పోతాయి, కానీ దక్షిణాన టైకో క్రేటర్ నుంచి నాలుగువైపులా తెల్లటి చారలు కనిపిస్తాయి. అవి నల్లటి లావా మైదానాల మీద కూడా పరుచుకున్నాయంటే, లావా గడ్డకట్టాకే టైకో ఏర్పడిందన్నమాట. ఆ లావాలో చాలా భాగం 300 కోట్ల ఏళ్లు దాటినది, టైకో వయసు సుమారు 10.8 కోట్ల ఏళ్లు. ఈ అంకెలు గుర్తురాకపోయినా వరస మాత్రం నువ్వు తప్పు చెప్పవు.

రాళ్ల పాఠం బోరు అన్నావట. అయితే ఇది విను. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ అక్కడి మట్టిని పరీక్షిస్తే అది ప్రధానంగా అనార్థోసైట్ జాతి రాయి (చాలావరకు ప్లాజియోక్లేజ్ అనే ఖనిజంతో ఏర్పడేది) నుంచి వచ్చిందని తేలింది. చంద్రుడు పుట్టిన కొత్తలో పైభాగమంతా కరిగిన రాతి సముద్రమనీ, తేలికైన ఆ ప్లాజియోక్లేజ్ పాల మీద మీగడలా పైకి తేలి గడ్డకట్టిందనీ ఒక సిద్ధాంతం ఉంది. ప్రజ్ఞాన్ కొలతలు దానికి బలం ఇచ్చాయి. ఇదే అనార్థోసైట్ మీ విజయవాడ పక్కన కొండపల్లి కొండల్లో ఉంది! బొమ్మలూ కోటా చూసి వచ్చేస్తాం గానీ, భూగర్భశాస్త్రవేత్తలు ఆ కొండల్ని ఈ రాళ్ల కోసమూ, క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం పొరల కోసమూ చదువుతారు. ఒక జాగ్రత్త ఉంది. కొండపల్లి రాయి భూమి లోపల శిలాద్రవం చల్లారుతూ పొరలుగా విడిపోయినప్పుడు ఏర్పడింది. రాయి జాతి ఒకటే అయినా రెండూ పుట్టిన తీరు వేరు. పోటీలో ఈ ఉదాహరణ చెబితే ఆ తేడా కూడా తప్పకుండా చెప్పు. జడ్జీలు అడిగేదీ దాని గురించే.

అంగారకుడి మీద 2021 ఫిబ్రవరి 18న నాసా రోవర్ పెర్సెవరెన్స్ దిగిన జెజెరో క్రేటర్‌లో పాత డెల్టా ఉంది. పారే నీళ్లు నిలవనీటిలో కలిసి వేగం తగ్గితేనే ఒండ్రు అలా విసనకర్ర ఆకారంలో పరుచుకుంటుంది. అందుకే అక్కడ ఒకప్పుడు సరస్సు ఉండేదంటున్నారు. కృష్ణా డెల్టాలో పుట్టినదానివి, ఇది నీకు వేరే చెప్పక్కర్లేదు.

లెక్కలు రోజుకు రెండు చాలు. కెప్లర్ మూడో నియమంతో మొదలుపెట్టు: గ్రహం సూర్యుణ్ణి చుట్టే కాలం వర్గం, దాని దూరం ఘనాన్ని బట్టి ఉంటుంది. బృహస్పతి దూరం, భూమి-సూర్యుడి దూరానికి 5.2 రెట్లు. దాని ఘనం 140.6, వర్గమూలం 11.86. బృహస్పతి ఏడాది అన్నేళ్లు. దూరాన్ని కిలోమీటర్లలో వేసి కాలాన్ని ఏళ్లలో ఆశిస్తే మాత్రం జవాబు రాదు. యూనిట్లు ప్రతి మెట్టులోనూ రాయి.

ఇంకొకటి, ఇద్దరూ సిలబస్ చెరిసగం పంచుకోకండి. ఒకరు చదివింది ఇంకొకరికి చెప్పాలి, వినేవాళ్లు అడ్డు ప్రశ్నలు వెయ్యాలి. రాత్రి పదింటికల్లా పుస్తకం మూసెయ్.

మీ ఇద్దరికీ ఒక ప్రశ్న. చంద్రుడి పలాయన వేగం, అంటే దాని ఆకర్షణ తప్పించుకుని పోవడానికి కావాల్సిన వేగం, సెకనుకు 2.4 కిలోమీటర్లు, శని ఉపగ్రహం టైటాన్‌ది 2.6. పెద్ద తేడా లేదు. అయినా చంద్రుడి మీద గాలి లేనట్టే, టైటాన్ మీద మాత్రం మన భూమి కంటే ఒకటిన్నర రెట్ల పీడనం. చలి వల్ల అంటారు, సరే. మరి గానిమీడ్ కూడా గడ్డకట్టే చలిలోనే ఉంది, సైజులో టైటాన్ కంటే కాస్త పెద్దదే. దానికి గాలి ఎందుకు లేదు? బాగా వాదించుకుని, ఏం తేల్చారో ఆదివారం ఫోన్ చేసి చెప్పండి.

మీ పెదనాన్న